కొండ కొంగ పంపిన కబురు

అనగనగా ఒక అడవిలో చెట్టు మీంచి చెట్టు మీదికి ఒక నల్ల వైరు సాగిపోయేది. ఒక కొస కొండ మీద కొంగ దగ్గర ఉండేది. రెండో కొస లోయలో, ఎలుగుబంటి కంబళయ్య గుహలో ఉండేది. అక్కడ ఒక పెట్టె, ఒక తెర. కొండ మీద వాన ముదిరితే కొంగ కబురు పంపేది. లోయలో కుందేళ్లు పిల్లల్ని తీసుకుని మెట్ట ఎక్కేసేవి. వాగు పొంగితే ముందు మునిగేది వాటి బొరియలే మరి.

ఆ పెట్టె అప్పుడప్పుడూ మొరాయించేది. బాగుచేసే దిక్కు లేదు. అందుకని ఉడుత చింకి, నెమలి సొగసయ్య నెట్‌వర్కింగ్ నేర్చుకుందామని ఆన్‌లైన్ కోర్సులో చేరారు. చిన్న కోర్సే. ఎక్కడో దూరపు మడుగులో ఉండే తాబేలు పంతులుగారు తెర మీద కనబడి పాఠం చెప్పేవారు.

"కబురు అందడం లేదా? వెతకడం నీ దగ్గర్నుంచి మొదలుపెట్టు" అన్నారు మొదటి పాఠంలో. "ముందు నీ పెట్టె, నీ వైరు. ఆ తర్వాతే పైవాళ్లు. ఇంకో మాట. కబురు పంపగానే పనైపోదు. 'అందింది' అని జవాబు వచ్చేదాకా మళ్లీ పంపుతూనే ఉండాలి."

"ఓస్, ఇంతేనా! ఇది గుడ్డులో పిల్లకు కూడా తెలుసు" అన్నాడు సొగసయ్య. పాఠాలన్నీ గబగబా దాటేసి, సర్టిఫికెట్ తెచ్చుకుని మెడలో వేలాడేసుకున్నాడు. చింకి మాత్రం విన్న పాఠమే మళ్లీ వినేది. "ఇంకా మొదటి పాఠమేనా చెల్లీ?" అని సొగసయ్య రోజూ వెక్కిరించేవాడు. చింకికి ఏడుపొచ్చేది. అయినా మానలేదు.

ఒకరోజు కొండ మీద మబ్బు కమ్మింది. సరిగ్గా అప్పుడే తెర మీద కబుర్లు ఆగిపోయాయి. కుందేలు తల్లి పరుగెత్తుకొచ్చింది.

"కంబళయ్య మామా, కబురొచ్చిందా? నా పిల్లలు ఇంకా కళ్లు తెరవలేదు. ఊరికే వానలో తిప్పలేను. బొరియలో ఉంచితే మునిగిపోతాయేమో!"

కంబళయ్య సర్టిఫికెట్ ఉన్న సొగసయ్యనే పిలిచాడు. సొగసయ్య మెడ సవరించుకున్నాడు. "తప్పు మెరుపులది" అన్నాడు. కాసేపయ్యాక "కాదు, పంతులుగారిది" అన్నాడు. ఇంకాసేపటికి "ఆ కొంగ ఒట్టి బద్ధకపుది, నిద్రపోయుంటుంది" అన్నాడు. తప్పు ఎక్కడెక్కడో తిరిగింది గానీ లోయలోకి మాత్రం రాలేదు.

చింకికి మొదటి పాఠం గుర్తొచ్చింది. ముందు పెట్టె చూసింది. బాగానే ఉంది. తర్వాత వైరు వెంబడే కొమ్మ కొమ్మా పాకింది. గుహ బయటి మర్రిచెట్టు దగ్గర ఆగిపోయింది. వైరు తెగి ఉంది. తెగిన చోట చిన్న చిన్న పంటి గాట్లు. తన పంటివే! ఇందాక పళ్లు అరగదీసుకుందామని, వేలాడే ఎండు వేరనుకుని కొరికింది దీన్నే.

'వానకు తెగిందంటే ఎవరికి తెలుస్తుంది?' అనుకుంది. నిజమే పిల్లలూ, ఎవరికీ తెలియదు. కానీ అలా చెబితే రేపు ఇంకో ఉడుత కొరుకుతుంది.

"మామా! వైరు ఇక్కడ తెగింది. తెంపింది నేనే!" అని అరిచింది చింకి.

సొగసయ్య నోరు తెరవబోయాడు. "తిట్లు తర్వాత" అన్నాడు కంబళయ్య. "ఇప్పుడేం చెయ్యాలో చెప్పవే తల్లీ."

"పెట్టె ఆపి రా మామా."

కొరికిన పళ్లతోనే చింకి వైరు మీది తొడుగు ఒలిచింది. కంబళయ్య గోళ్లతో కొసలు మెలిపెట్టాడు. చినుకులు మొదలయ్యాయి. సొగసయ్య ఒకసారి తన ఈకల వంక చూసుకున్నాడు. తడిస్తే తడిశాయిలే అని పురి విప్పి వైరుకు గొడుగు పట్టాడు.

గుహకెళ్లి పెట్టె మళ్లీ వెయ్యగానే తెర నిండా కొంగ మాటలే.

"వాగు పొంగుతోంది. మెట్ట ఎక్కండి. అందిందా?"

"వాగు పొంగుతోంది. అందిందా?"

"అందిందా? అందిందా?"

బద్ధకపుదన్న కొంగ, పాపం, వానలో నానుతూ పంపుతూనే ఉంది. సొగసయ్య తల దించుకున్నాడు. చింకి ఒక్క మాట పంపింది. "అందింది."

ఆఖరి కుందేలు పిల్ల మెట్ట మీదికి చేరాక వాగు వచ్చింది. బొరియలు మునిగాయి. పిల్లలు మాత్రం అమ్మ పొట్ట కింద వెచ్చగా ఉన్నాయి.

మర్నాడు చింకి ఉడుతలన్నిటినీ పిలిచి ఏది వేరో, ఏది వైరో చూపించింది. ముందు వరసలో కూర్చుని విన్నది ఎవరనుకున్నారు? మన సొగసయ్యే.

నీతి: తప్పు ఎక్కడుందో వెతకాలంటే ముందు మన దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.