సూదంటురాయికి వినపడని చాటింపు

చీనా దేశంలో ఒక చక్రవర్తికి రాగి కరువొచ్చింది. గుడిగంటలు కరిగించినా చాలలేదు. గంటలు పోయిన గుళ్ళలో మూకుళ్ళు వాయించేవారట, అది వేరే కథ. చివరికి ఆర్థికమంత్రి షెన్ మాట విని ఇనుప నాణేలు పోయించి, "రాగీ ఇనుమూ ఒకటే, కాదన్నవాడికి యాభై కొరడా దెబ్బలు" అని చాటించాడు.

ముందు దొరికినవాడు ఒక ఉప్పు వ్యాపారి. ఒక రాగి నాణేనికిచ్చే ఉప్పుకి మూడు ఇనుపవి అడిగాడు పాపం. అతను చక్రవర్తికి తేనీరు కాచే ఫాన్‌కి స్వయానా బావమరిది.

ఫాన్ నిండు సభలో కాళ్ళ మీద పడ్డాడు. "ప్రభూ, ఇనుమంటే మావాడికే కాదు, పెద్దపెద్దవాళ్ళకీ లోకువే."

"అబద్ధం!" అన్నాడు షెన్. "నా సంచీలో ఇనుము తప్ప మరొకటుంటే ఒట్టు!"

చక్రవర్తికి సరదా పుట్టింది. "ఒరే ఫాన్, సంచీలు విప్పకుండా ఎవరి దగ్గర ఏ నాణేలున్నాయో తేల్చు. తేలిస్తే మీవాణ్ణి వదిలేస్తా. లేదంటే ఆ దెబ్బల్లో సగం నీవి."

ఫాన్ వీపు అప్పుడే చుర్రుమంది. పరుగున అంతఃపురం దర్జీ దగ్గరికి పోయాడు. చాపలో పడిన సూదులు ఏరడానికి ఆయన దగ్గర సూదంటురాయి ఉంటుంది. దాన్ని దారానికి కట్టి తెచ్చాడు.

ద్వారపాలకుడి పట్టుసంచీ దగ్గర రాయి ఎగిరి అతుక్కుంది. భటుడి సంచీకీ అంతే. షెన్ సంచీ చుట్టూ మూడుసార్లు తిప్పినా కదల్లేదు.

"రాయి పాడైంది!" అని అరిచాడు షెన్.

"రాయి మంచిదేనయ్యా. మీ చాటింపు వినలేదంతే. రాగినీ ఇనుమునీ ఇంకా వేరుగానే చూస్తోంది. దీనికీ యాభై వేయించండి!" అన్నాడు ఫాన్.

సభ గొల్లుమంది. ఫాన్ రాయితో సింహాసనం వైపు తిరిగేసరికి చక్రవర్తి తన సంచీ మీదికి అంగీ చెయ్యి లాక్కుని, "చాల్లే, ఇటు రాకు! మీవాణ్ణి వదిలేశాం. షెన్, నీ సంచీ ఇతనికి బహుమానంగా ఇచ్చెయ్" అన్నాడు.

"ప్రభూ, మరి నా నష్టం?" అని మొత్తుకున్నాడు షెన్.

ఫాన్ వంగి వినయంగా అన్నాడు:

"నష్టమేముందయ్యా? ఖజానాలోంచి ఒకటికి ఒకటి ఇనుపవి తీసుకోండి. రెండూ ఒకటేగా!"

ఈసారి అందరికంటే ముందు నవ్వింది చక్రవర్తే.