టెలిస్కోపు తిరిగినంతసేపు

హెప్సిబా దరఖాస్తు రెండోసారి కూడా వెనక్కి వచ్చింది.

కొండ మీది అబ్జర్వేటరీలో పెద్ద టెలిస్కోపుతో ఆకాశం చూడాలంటే ఆర్నెల్లకోసారి అర్జీ పెట్టుకోవాలి. ఏ నక్షత్రాలు, ఏ వరసలో, ఒక్కోటి ఎంతసేపు, ఎందుకు, అన్నీ రాయాలి. అవి చదివి రాత్రులు పంచడానికి ఒక కమిటీ ఉంటుంది. ఆమె అడిగింది ఒక్క రాత్రే. రెండుసార్లూ ఒకటే మాట రాసి పంపారు: "ఈ పని ఒక రాత్రిలో కాదు."

మార్చితో ఆమె ఫెలోషిప్ ఆఖరు. మూడోసారీ కాదంటే పరిశోధన అక్కడితో సరి. ఇంట్లో అమ్మకి ఇంకా చెప్పలేదు.

మూడో అర్జీకి గడువు ఆ సాయంత్రం ఆరింటిదాకా. మూడింటికి వలీ మాస్టారి ఇంటికి వచ్చింది. ఆయన నలభై ఏళ్ళు టెలిస్కోపుల దగ్గర గడిపి రిటైరయ్యారు. ఆమెకి ఆకాశం చూడటం నేర్పింది ఆయనే.

"వాళ్ళు సరిగ్గా చదవట్లేదు సార్. ఇరవై నక్షత్రాలు, ఒక్కోదానికి అరగంట. రాత్రి ఏడు నుంచి పొద్దున అయిదు దాకా, పది గంటలు. ఒక్క నిమిషం వృథా లేదు. ముఖ్యమైనది మొదట పెట్టాను, దాని తర్వాతది దాని తర్వాత. ఇంకేం కావాలి వాళ్ళకి?"

మాస్టారు కాగితం అందుకోలేదు. "వాచీ ఉందా?" అన్నారు.

"ఉంది సార్."

"ఆ కుర్చీ పట్టుకో. మేడ మీదికి పోదాం."

మేడ మీద ఇంకా ఎండ తగ్గలేదు. ఆయన కుర్చీ నడిమధ్యన వేయించుకుని కూర్చున్నారు.

"నేను టెలిస్కోపుని. ఒకటో నంబరు ఎటుంది?"

"తూర్పున సార్."

"అటువైపు ఏదన్నా చిన్న గుర్తు చెప్పు."

"సెల్ టవర్ పక్క మేడ... దాని మీద నీళ్ళ ట్యాంకు మూత."

ఆయన లేచారు. కుర్చీ ఎత్తి తూర్పుకి తిప్పారు. కాళ్ళు కదలకుండా సర్దారు. కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకున్నారు. టవరు వెతికారు, మేడ వెతికారు, ట్యాంకు వెతికారు.

"చిక్కింది. ఎంతసేపు పట్టింది?"

"పది నిమిషాలు సార్."

"అసలు టెలిస్కోపుకీ తిరిగి గురి కుదరడానికి అంతే పడుతుంది. సరే, అరగంట చూశాననుకో. రెండోది?"

రెండోది దక్షిణం. అటు తిరిగేసరికి ఆయనకి ఆయాసం వచ్చింది. మళ్ళీ పది నిమిషాలు.

మాస్టారి భార్య ఖైరున్నీసా గారు టీ పట్టుకుని వచ్చి, మెట్ల దగ్గరే నిలబడిపోయారు. "ఈ వయసులో కుర్చీలాటేంటండీ?"

"ఆట కాదు, డ్యూటీలో ఉన్నాను."

హెప్సిబాకి సిగ్గేసింది. "మీరు కూర్చోండి సార్, కుర్చీ నేను తిప్పుతాను."

"అసలుది పది టన్నులుంటుంది. ఎత్తుతావా? మూడోది చెప్పు."

మూడోది మళ్ళీ తూర్పు.

"నాలుగోది?"

"పడమర సార్. ఈ ఏడాదే పేలిన నక్షత్రం. రోజురోజుకీ మసకబారిపోతోంది."

ఆయన పడమరకి తిరిగి, సర్దుకుని కూర్చున్నారు. "ఇప్పుడు టైమెంత? మనది కాదు, ఆ రాత్రి."

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. మూడు అరగంటలు. నాలుగు పదినిమిషాలు. "తొమ్మిదీ పది సార్."

"ఆ వేళకి ఎంత ఎత్తున ఉంటుంది?"

ఆమె చార్టు చూసింది. మళ్ళీ చూసింది.

"నాకు పిట్టగోడే కనిపిస్తోందమ్మా," అన్నారు మాస్టారు.

"తొమ్మిదింటికే అస్తమిస్తుంది సార్."

"మళ్ళీ ఎప్పుడు కనబడుతుంది?"

"మనం అడిగింది ఆ ఒక్క రాత్రే సార్. తర్వాత సూర్యుడి చాటుకి పోయి మూడు నెలలకి గానీ రాదు. అప్పటికి ఇక మనకి కనబడనంత మసకైపోతుంది."

"ఒకటో నంబరో?"

ఆమె గొంతు తగ్గింది. "అది తెల్లారేదాకా ఉంటుంది సార్. వచ్చే ఏడాదీ ఉంటుంది."

మాస్టారు టీ అందుకుని తాగారు.

హెప్సిబా మెట్ల మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. ప్రతి నక్షత్రం కిందా పది నిమిషాలు రాసుకుంటూ వచ్చింది. పది గంటల్లో పదిహేనే పట్టాయి. అయిదు కొట్టేయాలి. ఒక్కొక్కటి కొట్టేసేటప్పుడు చెయ్యి కాసేపు ఆగింది. మసకబారుతున్న నక్షత్రాన్ని అన్నిటికంటే పైకి తెచ్చింది. ఒకటో నంబరు పన్నెండో చోటికి పోయింది.

ఆరింటికి పావుగంట ఉందనగా పంపేసింది.

పంపాక భయమేసింది. "ఈసారి ఇస్తారంటారా సార్?"

మాస్టారు మోకాలు రుద్దుకుంటున్నారు. తల ఎత్తలేదు.

"కొండ మీద బాగా చలమ్మా," అన్నారు. "స్వెట్టరుందా నీకు?"