దొర మణికట్టు

నైజర్ నదికి అవతల మూడు ఊళ్లు రెండు రోజులుగా తగలబడుతున్నాయి. ఆ పొగ వాసనకి ఇవతలి ఒడ్డున పశువులు మేత ముట్టడం లేదు.

సిరిమాన్‌కి మాత్రం, ఆ ఊళ్లు తగలబెట్టి ఇటే వస్తున్న గుర్రపు దండు కన్నా తన దొరంటేనే ఎక్కువ భయంగా ఉంది.

అతను వంశగాథలు పాడే గాయకుడు. పన్నెండేళ్లుగా తెనెంబా అనే ముసలావిడ దగ్గర నేర్చుకుంటున్నాడు. ఆ పొద్దున దొర తుమాని అతన్ని పిలిపించాడు.

"సాయంత్రం మనవాళ్ల ముందు మా తాత కథ పాడు. గాదె సంగతి మాత్రం నీ నోట రాకూడదు. వచ్చిందా, ఆ నోరు మళ్లీ పాడదు."

తాత మహావీరుడే. కాని మొదటి యుద్ధానికి ముందు మూడు రోజులు జొన్నల గాదెలో దాక్కున్నాడు. కథ తరతరాలుగా అలాగే వచ్చింది.

సిరిమాన్ గురువు దగ్గరికి పరిగెత్తి దొర మాట చెప్పాడు.

"అమ్మా, ఆ ఒక్క ముక్క వదిలేస్తే ఏం పోతుంది? వీరుడే వణికాడని వింటే వీళ్లూ పారిపోరా?"

తెనెంబా పొద్దు వాలేదాకా ఆగింది. చేతికర్ర అందుకుని, "నన్ను మైదానానికి తీసుకుపో" అంది.

మైదానంలో వందమంది దాకా బల్లేలు పట్టుకుని కూర్చున్నారు. వెనక వరసల్లో వాళ్ల చూపులు అడవి దారి మీదే ఉన్నాయి. దొర ఎత్తుపీట మీద, పొడుగు చేతుల అంగీ వేసుకుని, చెక్కిన బొమ్మలా ఉన్నాడు.

తెనెంబా తిన్నగా ఆయన దగ్గరికి వెళ్లింది. పెద్దలు దీవించేటప్పుడు చెయ్యి పట్టుకోవడం అక్కడి ఆనవాయితీ. ఆమె సిరిమాన్ చేతిని లాగి దొర అంగీ చేతిలోపలికి పోనిచ్చి, మణికట్టు పట్టించింది. పైన తన చెయ్యి వేసి నొక్కింది.

దొర మణికట్టు చల్లగా, తడిగా ఉంది. నాడి వలలో పడ్డ పిట్టలా కొట్టుకుంటోంది. ఆయన విడిపించుకోబోయాడు. దీవెన పూర్తయ్యేదాకా ఆమె వదల్లేదు.

సిరిమాన్ వచ్చి తంతివాద్యం ఒళ్లో పెట్టుకున్నాడు.  పాట మొదలుపెట్టాడు. గాదె దగ్గరికి వచ్చేసరికి స్వరం ఒకసారి తెగింది. మళ్లీ అందుకున్నాడు.

"మూడు రోజులు గింజల మధ్య వణికాడు. నాలుగో రోజు తలుపు తనే తీసుకుని బయటికి వచ్చాడు."

దొర లేచాడు. చెయ్యి కత్తిపిడి మీద ఉంది. అడుగులు దగ్గరికొస్తున్నాయి. సిరిమాన్ కళ్లు మూసుకున్నాడు. వేళ్లు మాత్రం తీగల మీదే ఉన్నాయి.

కత్తి పడలేదు. పక్కన ఎవరో నేల మీద చతికిలబడ్డ చప్పుడైంది. కళ్లు తెరిస్తే దొర. అంగీ చేతులు మోచేతుల దాకా లాక్కున్నాడు. వణుకుతున్న ఆ చేతులు అందరికీ కనబడుతున్నాయి.

"మిగతాది కూడా పాడు" అన్నాడు మెల్లగా. "నేనూ వినాలి."

వెనక వరసల వాళ్లు ఒక్కొక్కరే లేచి ముందుకొచ్చి కూర్చున్నారు.

మర్నాడే దండు నది దాటింది. సాయంత్రానికి వెనక్కి మళ్లింది. ఊరివాళ్లలో చాలామంది చనిపోయారు. అడవి దారి మాత్రం ఎవరూ పట్టలేదు.

పోయినవాళ్లను మట్టి చేసి వస్తూ సిరిమాన్ అడిగాడు.

"ఆయన భయపడుతున్నాడని మీకు ముందే ఎలా తెలిసిందమ్మా?"

"అంత పెద్ద కథలో ఆ ఒక్క ముక్కే కదా వద్దన్నాడు" అంది తెనెంబా.