మూత తీసిన బాన

చౌడేశ్వరికి పది రోజులుగా సరైన నిద్ర లేదు. నీలి అద్దకం నేర్చుకోవడానికి కుళ్ళాయప్ప దగ్గర చేరి మూడేళ్లయింది. ఇరవై రెండేళ్ల పిల్ల, చేతిలో పనితనం ఉంది. కిందటేడు, బానలోంచి ఆకుపచ్చగా పైకొచ్చిన గుడ్డ గాలి తగిలి నీలంగా మారడాన్ని ఫోన్‌లో వీడియో తీసి పెట్టింది. నలభై వేల మంది చూశారు. ఆ తర్వాత పెట్టినవి వందమంది కూడా చూడలేదు.

అప్పట్నుంచి మనసును పురుగు తొలవడం మొదలుపెట్టింది. గంటకు పదిసార్లు ఫోన్ చూసుకుంటుంది. ఎక్కడెక్కడి అమ్మాయిలో అద్దిన నీలాలు, వాళ్ల నవ్వులు చూసి, తన చేతుల వంక చూసుకుంటుంది. అన్నం సయించదు. ఎవరైనా పలకరిస్తే కళ్లలో నీళ్లు. ఫోన్ అవతల పారెయ్యమనేవాళ్లకు ఊళ్లో కొదవ లేదు. చెప్పడానికేం, నోరుంటే చాలు.

ఆ ఉదయం సంచి సర్దుకుని గురువు ముందు నిలబడింది.

"నేనెందుకూ పనికిరాను తాతా. ఇంటికి పోతా. ఆడైనా బతకబుద్ధయితాదేమో సూస్తా."

ఆ చివరి మాటకు ముసలాయన గుండె కలుక్కుమంది.

"బస్సుకు ఇంకా టైముంది. కూచో పాపా" అన్నాడు.

పక్కనే పెద్ద బాన, గోనెపట్ట చుట్టి, మూత బిగించి ఉంది. నీలిమందు, సున్నం, పులియడానికి ఉడికించిన తగిరిస గింజలు కలిపి తొమ్మిది రోజులైంది. పులిసేదాకా దానికి గాలి తగలకూడదు. రోజుకొక్కసారి కుళ్ళాయప్ప మాత్రమే మూత తీసి వాసన చూస్తాడు. ఆయన కన్న కొడుకు కూడా దాని జోలికి పోడు.

చౌడేశ్వరి కూర్చుని ఫోన్ తీసింది. కుళ్ళాయప్ప లేచి, బాన మూత తీసి, లోపలికి చూసి, మళ్లీ పెట్టాడు. కాసేపటికి ఆమె మళ్లీ ఫోన్ చూసింది. ఆయన మళ్లీ మూత తీశాడు. ఆమె వింతగా చూసి తల దించుకుంది. ఎనిమిదోసారికి ఆయన కర్ర పెట్టి గలగలా కలియబెట్టాడు కూడా.

ఆమె ఒక్క ఉదుటున వచ్చి మూత లాక్కుంది.

"తాతా! ఏం పని ఇది? గాలి తగులుతాంది! ఇన్నిమార్లు తీస్తే సచ్చిపోతాది!"

"ఎట్లుందో సూద్దామని."

"సూస్తాంటే ఎట్ల బాగుంటాది? దాని మానాన దాన్ని వదిలెయ్యాల! మూడేండ్లుగా నువ్వే గదా సెప్తాండేది!"

అనేసి, కింద వదిలేసి వచ్చిన తన ఫోన్ వంక చూసింది. చేతిలో మూత చేతిలోనే ఉంది.

బానలో ఆకుపచ్చగా ఉండాల్సిన నీళ్లు ముదురు నీలమైపోయాయి. తొమ్మిది రోజుల కష్టం పోయిందని ఇద్దరికీ తెలుసు. ఆమె ఏడ్చేసింది.

"నా కోసం బాన పాడుచేసుకుంటివే తాతా."

కుళ్ళాయప్ప ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

"బాన పోతే ఇంకోటి పెట్టుకుంటాంలే పాపా. నువ్వు పోతే యాడ తెచ్చుకునేది?"