అంట్లు తోమే బూడిద

గౌరీపతి వేసే మంట చూడముచ్చటగా ఉండేది. దాంతో చిక్కల్లా ఒక్కటే, తెల్లారేదాకా ఉండేది కాదు.

అది కాఫీ తోటల మీదుగా ఎక్కి వెళ్లాల్సిన కొండ మీది చిన్న మఠం. చలికాలం వచ్చిందంటే అక్కడ మంచు గుమ్మం దాటి లోపలికి వచ్చేస్తుంది. భజన చేసుకునే గదిలో, పాత నూనె డ్రమ్మును కోసి చేసిన ఇనప పొయ్యి ఉంది. కింద గాలికి ఒక చిన్న తలుపు, పైన పొగ పోవడానికి రేకు గొట్టం. ఆ పొయ్యి పక్కనే చిదంబరయ్యగారి మంచం.

చిదంబరయ్యగారూ, మఠానికి పెద్దయిన విరూపాక్షస్వామీ ఒకే గురువు దగ్గర చదువుకున్నవాళ్లు. ఆ గోడలకు రాళ్లు మోసింది చిదంబరయ్యగారే. ఇప్పుడు వయసు మీద పడింది, ఆయాసం పట్టుకుంది. పగలంతా కబుర్లు చెబుతూ బాగానే ఉంటారు. తెల్లవారుజామున చలి ముదిరిందంటే మాత్రం ఊపిరి అందదు.

కింద ఊరి నుంచి వచ్చిన డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. "రాత్రంతా వెచ్చగా ఉంచగలిగితే ఇక్కడే ఉంచండి. లేకపోతే కిందికి దించెయ్యండి."

కొండ దిగడమనేసరికి ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. స్వామి శిష్యుడు గౌరీపతి అది చూడలేకపోయాడు. "పొయ్యి సంగతి నాకు వదిలెయ్యండి తాతగారూ!" అన్నాడు. మాటవరసకి అన్నది కాదు, ఆయనంటే అతనికి అంత ప్రేమ.

ఆ రోజు నుంచీ సాయంత్రమయ్యేసరికి గౌరీపతి పొయ్యిలోకి దూరినంత పని చేసేవాడు. బూడిదంతా గోకి, తట్టకెత్తి, తీసుకెళ్లి పెంట మీద పారబోసేవాడు. నిన్నటి ఎంగిలి మీద ఇవాళ్టి అగ్నిని ఎలా వేస్తామని అతని పట్టింపు. నుదుటి మీదా చేతుల మీదా విభూతి రేఖలు దిద్దుకునే మనిషికి పొయ్యిలో బూడిద మురికిలా కనబడడం విడ్డూరమే. కానీ పట్టింపులున్నవాళ్లతో ఎవరు వాదిస్తారు?

పొయ్యి అద్దంలా మెరిశాక సన్న కట్టెలు నిండా పేర్చి, గాలి తలుపు బార్లా తెరిచేవాడు. మంట గొట్టంలోకి హోరుమని లేచేది. భజనకు వచ్చిన తోటల జనం చేతులు చాచి చుట్టూ మూగేవాళ్లు.

"మా చిన్నసామి మంటెడితే సలి కొండ దిగి పారిపోద్ది!" అనేవాడు తోట మేస్త్రి అప్పన్న. ఆ మాట వినబడగానే గౌరీపతి ఇంకో రెండు కట్టెలు పడేసేవాడు.

తెల్లవారుజామున ముసలాయన దగ్గుకి మెలకువ వచ్చి చూస్తే పొయ్యి చల్లగా ఉండేది. మర్నాడు మరిన్ని కట్టెలు వేసేవాడు. మంట మరింత ఎత్తు లేచేది, ఆరడం మాత్రం మామూలే. మధ్యలో లేచి కట్టెలు వేద్దామనుకున్నా, పగలంతా చాకిరీ చేసిన ఒళ్లు లేవనిచ్చేది కాదు.

ఒకనాటి ఉదయం చిదంబరయ్యగారి పెదవులు నల్లబడ్డాయి. గౌరీపతి కంగారుగా ఆయన పాదాలు రుద్దుతుంటే, ఊపిరి కూడదీసుకుని ఆయనే ధైర్యం చెప్పారు. "ఇవాళ కాస్త నయమేరా. నువ్వు బెంగపెట్టుకోకు."

ఆ అబద్ధం గౌరీపతి గుండెలో గుచ్చుకుంది. సాయంత్రం పొయ్యి గోకి, బూడిద పారబోసి రాగానే గురువుగారి దగ్గరికి వెళ్లాడు.

"కట్టెలు సగం అయిపోయాయి స్వామీ. ఇంతకన్నా పెద్ద మంట ఆ పొయ్యిలో పట్టదు. తాతగారిని దించెయ్యాల్సిందేనా?"

"ఈ పూట పొయ్యి దగ్గర నేను కూచుంటాను. నిన్నటి బూడిద పట్రా" అన్నారు విరూపాక్షస్వామి.

"పారబోశాను స్వామీ."

"పోనీలే. వంటింట్లో అంట్లు తోమే బూడిద ఉంటుంది చూడు, డబ్బాతో సహా పట్రా."

ఆ సాయంత్రం స్వామి చిన్న మంటే వేశారు. భజన సాగినంతసేపూ దాన్ని కాలనిచ్చి, కణకణలాడే నిప్పులుగా మారనిచ్చారు. ఆ నిప్పుల్ని వెనక్కి లాగి ఒక్క చోట కుప్ప చేశారు. దాని మీద లావుపాటి చింతమొద్దు ఒక్కటే పెట్టారు. తర్వాత డబ్బాలోంచి గుప్పెళ్లతో బూడిద తీసి, నిద్రపోతున్న పిల్లాడికి దుప్పటి కప్పినట్టు నెమ్మదిగా కప్పేశారు. గాలి తలుపు మూసి, వేలు దూరేంత సందు మాత్రం ఉంచారు.

గది మసకబారింది.

"పొయ్యి సంపేసినారేటి సామీ!" అన్నాడు అప్పన్న. అందరూ నవ్వారు. స్వామి కూడా నవ్వారు.

గౌరీపతి మొహం మాడిపోయింది. గురువుగారి చెవి దగ్గరకు వంగాడు. "జనం ఇంకా ఇక్కడే ఉన్నారు స్వామీ. వాళ్లు ఉన్నంతసేపయినా మంట ఉండొద్దా?"

స్వామి చేతుల బూడిద దులుపుకుంటూ చిదంబరయ్యగారి మంచం వైపు చూశారు.

"వాళ్లు ఇళ్లకు పోతారు నాయనా."

మర్నాడు గౌరీపతికి మెలకువ వచ్చేసరికి కిటికీలో వెలుగు ఉంది. దగ్గు వినిపించలేదు. ఒక్క అంగలో మంచం దగ్గరికి వెళ్లాడు. ముసలాయన పాదాలు దుప్పట్లోంచి బయటపెట్టుకుని, సన్నగా గురక పెడుతూ నిద్రపోతున్నారు. పొయ్యి మీద చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలింది. పుల్లతో బూడిద పక్కకి తీశాడు. లోపల ఎర్రగా ఉంది.

పొయ్యి ముందు అలాగే కూలబడి ఏడ్చాడు, దుఃఖంతో కాదు.

ఆ సాయంత్రం బూడిద తట్టకెక్కలేదు. భజన ముగిశాక అందరి ముందూ గౌరీపతే నిప్పులు వెనక్కి లాగి, మొద్దు పెట్టి, బూడిద కప్పాడు. చేతులు చాచుకుని ముందుకొచ్చిన అప్పన్న అక్కడే ఆగిపోయాడు.

"ఏటి చిన్నసామీ, మంటెట్టడం మర్సిపోనారేటి?"

గదిలో అందరూ గొల్లున నవ్వారు. సంగతంతా వివరంగా చెప్పాలని గౌరీపతికి నోటిదాకా వచ్చింది. మంచం మీద తాతగారు అప్పటికే కళ్లు మూసుకున్నారు.

"అవును అప్పన్నా, మర్చిపోయాను" అన్నాడు గౌరీపతి, ఇంకో గుప్పెడు బూడిద కప్పుతూ.