రెండో కోత

ప్రభుదాసుకు ఉస్తాదు పెట్టిన పరీక్ష ఒక్కటే. బెజవాడలో పాఠ్యపుస్తకాలు అచ్చేసే ప్రెస్సులో కాగితాలు కోసే పాత మిషను ఒకటి మొండికేసింది. దాన్ని ఒంటరిగా బాగుచేసి నడిపిస్తే ఇక తన పేరు మీదే పనులు ఒప్పుకోవచ్చు. లేదంటే మరో ఏడాది జిలానీ ఉస్తాదు వెనకాలే తిరగాలి.

మిషను ఇనుమంతా రాయిలా ఉంది. దాన్ని ఆడించే ఎలక్ట్రానిక్ కార్డే కాలిపోయింది. అలాంటి కార్డులు చేయడం కంపెనీవాళ్లు ఎప్పుడో మానేశారు. ప్రభుదాసు ఆ కార్డును పీకి పక్కన పడేసి, అది చేసే పనులన్నీ మామూలు స్విచ్చులకూ రిలేలకూ పంచిపెట్టాడు. నిజం చెప్పాలంటే పనితనం ఉన్న కుర్రాడే.

ఒక్కటి మాత్రం లొంగలేదు. కత్తి ఒకసారి దిగి పైకెళ్లగానే దాని దారికి అడ్డంగా ఒక ఇనప గడియ పడుతుంది. మనిషి మళ్లీ రెండు చేతులతో బొత్తాలు నొక్కితే తప్ప అది తొలగదు. కార్డు లేకుండా ఆ గడియ ఎంతకీ తెరుచుకోలేదు. విసుగెత్తి దాన్ని వెనక్కి లాగి తీగతో కట్టేశాడు.

మిషను నడిచింది. యజమాని పట్టలేని సంతోషంతో స్వీట్లు తెప్పించాడు. బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి, అంచులు కోయాల్సిన పుస్తకాలు గోడల పొడవునా గుట్టలుగా పడి ఉన్నాయి.

ఆ మిషను మీద పనిచేసే నాగరత్నం మాత్రం స్వీటు ముట్టలేదు. ఎవరూ ముట్టుకోనప్పుడు కూడా అది ఊపిరి పీలుస్తున్నట్టుందని గొణిగింది. ప్రభుదాసు నవ్వేసి, కావాలంటే ఓ నిమ్మకాయ కట్టుకోమన్నాడు.

మధ్యాహ్నం నమాజు ముగించుకుని ఉస్తాదు వచ్చాడు. ప్రభుదాసు ఆయన ముందు ఒక కట్ట కోసి చూపించి, దర్జాగా ప్లగ్గు పీకేశాడు.

"ఆపేశావా?" అన్నాడు ఉస్తాదు.

"ప్లగ్గే పీకేశాను, ఉస్తాద్."

"మరి ఆ చప్పుడేంటి?"

లోపల పెద్ద చక్రం పాత ఊపు మీద తిరుగుతోందని, దానంతటదే ఆగుతుందని, కరెంటు లేకుండా కత్తి కదలదని ప్రభుదాసు విడమరిచి చెప్పాడు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

ఉస్తాదు తలూపాడు. కిందపడి ఉన్న చిత్తుకాగితాల కట్ట ఒకటి తీసి కత్తి కింద పెట్టాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు, ఎవరో వస్తామని చెప్పినట్టు.

యజమానికి ఓపిక లేదు. ఈలోగా బల్ల శుభ్రం చేయమని నాగరత్నాన్ని పురమాయించాడు. ఆమె కత్తి కింద మిగిలిన పీలికలు తీయడానికి చెయ్యి చాపింది.

"భోంచేశావా అమ్మా?" అని అడిగాడు ఉస్తాదు.

పెద్దాయన పలకరిస్తే పనిలో ఉండి జవాబు చెప్పడం మర్యాద కాదు. ఆమె ఇటు తిరిగి చేతులు కొంగుకు తుడుచుకుంది. గోంగూర పప్పు తెచ్చుకున్నానని, ఇంకా తినలేదని చెబుతోంది.

అప్పుడు కత్తి దిగింది.

దగ్గర ఎవరూ లేరు. ప్లగ్గు నేల మీద ఉంది. చప్పుడు లేకుండా, తొందర లేకుండా దిగి, కట్టను రెండు ముక్కలు చేసి, పైకెళ్లి తన చోట నిలబడింది. పట్టపగలు, బయట రోడ్డు మీద ఆటోలు వెళ్తూనే ఉన్నాయి. అయినా ఆ గదిలో ఉన్నవాళ్లకు ఒళ్లు జలదరించింది. నాగరత్నం ఎడమచేత్తో కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటే తడుముకుంది. అవి ఇంకా ఉన్నాయా అని ఆమెకు అనుమానం.

ప్రభుదాసు తను కట్టిన తీగ వైపు చూశాడు.

ముందుగా తేరుకున్నది యజమానే. రత్నం జాగ్రత్తగా చేసుకుంటుందని, ఈ పుస్తకాలు వెళ్లేదాకా ఇలాగే లాగించమని ఉస్తాదును బతిమాలాడు. ఉస్తాదు శిష్యుడి వైపు చూశాడు.

"నడవదండి," అన్నాడు ప్రభుదాసు. "ఆ గడియ పడేదాకా ఇది నడవకూడదు. నా పని పూర్తి కాలేదు."

యజమాని ఇంకో మెకానిక్కును పిలిపిస్తానంటూ విసురుగా బయటికెళ్లాడు. ప్రభుదాసు తీగ విప్పబోయాడు. ఉస్తాదు ఆగమన్నట్టు వేలెత్తాడు. ముగ్గురూ ఆ చక్రం చప్పుడు వింటూ ఉన్నారు. అది సన్నబడింది, ఇంకా సన్నబడింది. ఆగిపోయిందనుకున్నప్పుడు కత్తి మరోసారి కదిలింది. సగందాకా దిగి, ఏదో వెతుక్కుంటున్నట్టు వణికి, అక్కడే నిలిచిపోయింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

ప్రభుదాసు ఉస్తాదు వైపు తిరిగాడు.

"అది వస్తుందని మీకెట్లా తెలిసింది, ఉస్తాద్?"

ఉస్తాదు స్టూలు మీంచి మెల్లగా లేచాడు.

"నాకు తెలీదు బేటా. రాదని నీకు తెలుసు చూడూ, దానికే భయమేసింది."