వరుసా, చదరమా

"మాస్టారూ, పటాలం చదరమయ్యేది నోటితో అన్నప్పుడా, అట్టలు తిప్పినప్పుడా?" అని పరాంకుశం ఒక ఆదివారం త్ర్యంబకం మాస్టారిని అడిగాడు. అడిగింది నియమం గురించే. అనుమానం మాత్రం జలీల్ మీద.

సికింద్రాబాదులో ఒక దర్జీ దుకాణం పైగదిలో మాస్టారు మాబోటి పెద్దవాళ్ళకు నెపోలియన్ కాలపు యుద్ధాలను బల్ల మీద ఆడడం నేర్పేవారు. బొటనవేలంత సీసపు సిపాయిలను అట్టముక్కల మీద అతికిస్తాం. కొన్ని అట్టలు కలిస్తే ఒక పటాలం. సిపాయిలంతా పక్కపక్కన నిలబడి ఒకే వైపు చూస్తుంటే అది వరుస. నాలుగు వైపులకూ చూస్తుంటే చదరం. వరుసను గుర్రాలు తొక్కేస్తాయి. చదరాన్ని గుర్రాలు ఏమీ చేయలేవు గాని, ఫిరంగి గుండుకు ఆ గుంపు మంచి గురి. ఇంతవరకు తగాదా లేదు. జలీల్ అట్టలు మాత్రం ఎప్పుడూ అటూ ఇటూ కాకుండా వంకరగా ఉండేవి.

"గుర్రాలు వెళ్తే చదరమంటాడు, ఫిరంగి పెడితే వరుసంటాడు. వచ్చే వారం ఆటలో అతని పేరుంటే నా పేరు కొట్టెయ్యండి" అన్నాడు పరాంకుశం, జలీల్ ఎదుటే. భార్య పోయినప్పటి నుంచి జలీల్‌కు ఆదివారమంటే ఆ గదేనని మా అందరికీ తెలుసు. అయినా ఎవరమూ అడ్డు చెప్పలేదు. నాకు ఇద్దరి మీదా నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు.

మాస్టారు ఇద్దరినీ బల్ల దగ్గరికి పిలిచారు. "ఈ పూట జలీల్ అట్టలు పేర్చి ఊరుకుంటాడు. నోరు మెదపడు, చెయ్యి చాపడు. అతని పటాలం ఎలా నిలబడి ఉందో అతని బదులు నువ్వే చెప్పు" అన్నారు. పరాంకుశానికి అంతకన్నా ఏం కావాలి?

కాసేపటికి అతను గుర్రాలను బల్ల మీది బొమ్మ తోట గోడ దాటించి జలీల్ పటాలం మీదికి తెచ్చాడు.

"ఏమిటది?" అన్నారు మాస్టారు.

"వరుసే. అందులో సందేహమేముంది?"

పాచిక కలిసిరాలేదు. గుర్రాలు వెనుదిరిగాయి. ఆట బల్ల రెండో కొసకు పోయి చాలాసేపు అక్కడే నడిచింది. తర్వాత పరాంకుశం ఫిరంగిని గుట్ట మీదికి ఎక్కించి, అదే పటాలానికి గురిపెట్టాడు.

"ఏమిటది?"

"చదరం."

జలీల్ ఇక ఆగలేకపోయాడు. "ఎవరు తిప్పారు భాయ్? నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి."

పరాంకుశం వంగి అట్టల అంచులు చూశాడు. జలీల్ చొక్కా చేతులు చూశాడు. బల్ల కదిపానేమోనని నా వంక కూడా చూశాడు. నేనూ అలాగే చూశాను. అట్టలు పెట్టినచోటే ఉన్నాయి. పరాంకుశం చెవులు ఎర్రబడ్డాయి.

జలీల్ ముసిముసిగా నవ్వుతుంటే మాస్టారు అటు తిరిగారు. "ఇప్పుడు నువ్వు చెప్పు. ఏమిటది?"

జలీల్ ఫిరంగి వైపు చూశాడు, గుర్రాల వైపు చూశాడు. "ముందు నా మీదికి ఏం వస్తుందో చెప్పండి మాస్టారూ."

మాస్టారు లేచి ఆ అట్టలను తానే సరిచేసి, నాలుగు వైపులకూ తిప్పి పెట్టారు. "గుర్రాన్నయినా ఫిరంగినయినా ముట్టుకోక ముందే ఎదుటివాణ్ణి వరుసా, చదరమా అని అడగాలి. అతను అడగ్గానే చెప్పాలి, చెప్పినట్టు తిప్పి చెయ్యి తీసెయ్యాలి. నియమం ఇంతే."

ఆట ముగిశాక పరాంకుశం గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగాడు. అనుమానం తీరినట్టు లేదు. "మరి జలీల్ పేరు?" అన్నాడు.

"ఉండనీ" అన్నారు మాస్టారు. "అతను మానేస్తే నీ మీద కన్నేసి ఉంచేదెవరు?"